అక్క కట్టిన ఇరవై రెండు నెలలు

అక్క పోయిన నలభై అయిదో రోజున తిరువూరులో బ్యాంకుకి వెళ్ళాను. డెత్ సర్టిఫికెట్టు, అక్క ఆధార్ కార్డు, నా ఆధార్ కార్డు, ఆమె సేవింగ్సు పుస్తకం, అన్నీ ఒక ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని వరసలో నిలబడ్డాను. నామినీగా నా పేరే రాసింది. కౌంటర్లో అమ్మాయి చిన్నది, నా దగ్గర లెక్కలు నేర్చుకున్న పిల్లల వయసు. కాగితాలు చూసి, "మీకు ఏమవుతారండి?" అని అడిగింది. "అక్క" అన్నాను. ఖాతాలో పదకొండు వేల చిల్లర ఉంది. ఎక్కడెక్కడ సంతకాలు పెట్టాలో పెన్సిల్తో గుర్తులు పెట్టి ఇచ్చింది.

"ఇంకేమైనా ఉందేమో చూడమ్మా. ఆర్.డి. లాంటిది" అన్నాను.

"లేదండి. ఈవిడకి సేవింగ్సు ఒక్కటే ఉందండి."

"పాతదేమైనా? గడువైపోయి తీసుకోకుండా ఉండిపోయింది?"

ఆ అమ్మాయి విసుక్కోకుండా మళ్ళీ చూసింది. "లేదు మేడమ్. సిస్టంలో ఉన్నంతవరకూ ఎప్పుడూ వెయ్యలేదు."

సంతకాలు పెట్టేసి, పింఛను డబ్బుల కోసం వచ్చిన ముసలివాళ్ళ పక్కన బెంచీ మీద కూర్చుండిపోయాను. డబ్బు కోసం అడగలేదు నేను. రిటైరై రెండేళ్ళయింది, నా పింఛను నాకు సరిపోతుంది. అక్క ఎవరికీ చెప్పకుండా, నాకు కూడా చెప్పకుండా, ముఖ్యంగా నాకు చెప్పకుండా, నెలనెలా ఎంతో కొంత తన కోసం కట్టుకుంటూ ఉండి ఉంటుందని నలభై ఏళ్ళకి పైగా నాలో ఒక ఆశ ఉండేది. ఆ ఆశ ఉందని కూడా ఆ కౌంటరు ముందు నిలబడేదాకా నాకు తెలియదు. "ఎప్పుడూ వెయ్యలేదు" అన్న ఆ మాటతో అది పోయింది. అక్కని సమాధిలో పెట్టిన రోజున కూడా రానంత ఏడుపు ఆ బెంచీ మీద వచ్చింది. పక్కనున్న పెద్దాయన, "ఏమ్మా, డబ్బులు పడలేదా?" అని అడిగాడు.

మా నాన్న పత్తి జిన్నింగు మిల్లులో కాటా గుమాస్తా. సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఆయన కనుబొమల మీద, చెవుల మీద దూది పట్టి ఉండేది. నేను ఆరో తరగతిలో ఉండగా, కాటా దగ్గరే గుండె ఆగి పోయాడు. మిల్లువాళ్ళు ఇచ్చిన కాస్త డబ్బుతో అమ్మ ఒక పాత కుట్టుమిషను కొని అక్క ముందు పెట్టింది. అక్క పేరు ఎస్తేరు. నాకంటే ఆరేళ్ళు పెద్దది. అప్పటికి టెన్త్ పాసై కాలేజీలో చేరాలని ఎదురు చూస్తోంది. మిషను వచ్చిన మర్నాటి నించి కాలేజీ మాట ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. అమ్మ మగపిల్లల హాస్టల్లో వంటకి కుదిరింది. తెల్లవారేసరికి వెళ్ళి మధ్యాహ్నం వచ్చేది, మళ్ళీ నాలుగింటికి వెళ్ళేది. అమ్మ చీరకి ఎప్పుడూ కట్టెల పొగ, పప్పుచారు వాసన. అక్క దగ్గర వేరే వాసన ఉండేది. మిషను నూనె, కొత్త గుడ్డ గంజి, ఇస్త్రీపెట్టెలో రాజుకుంటున్న బొగ్గులు. మాది ఒక గది, ముందు వసారా. వసారాలో మిషను, గదిలో మేం. మధ్యాహ్నం బడి నించి వస్తూ వీధి మొదట్లోనే మిషను చప్పుడు విని, అది ఆగీ ఆగీ నడుస్తుంటే అక్క కాజాలు కుడుతోందని, ఏకధాటిగా నడుస్తుంటే లంగా అంచు వేస్తోందని చెప్పగలిగేదాన్ని.

పని చేసేటప్పుడు అక్క పెదాల మధ్య గుండుసూదులు పెట్టుకునేది. అందుకని మాటలు తక్కువ. ఎవరేమడిగినా తల ఊపడమే. అదే ఆమెకి చేటయింది. అందరూ ఆమెనే అడిగేవాళ్ళు. ఎదురింటివాళ్ళ పిల్లాడికి జ్వరం, అక్క దగ్గర రెండు రూపాయలు. చర్చికి సున్నాలు వేయించాలి, అక్క దగ్గర అయిదు. అమ్మకి నూనె అయిపోయింది, నాకు గ్రాఫు పుస్తకం కావాలి. అక్క నోట్లో సూదులు అలాగే ఉంచుకుని మిషను సొరుగు లాగేది, ఉన్నంత తీసి ఇచ్చేది. అడిగినవాళ్ళ మొహం చూసి లేదనడం ఆమెకి చేతకాదు. చేతకాదని వీధి వీధంతా తెలుసు.

ఆదివారం మాత్రం అక్క వేరే మనిషి. చర్చి అయ్యాక సండే స్కూలు పిల్లల్ని మా వసారాలో కూర్చోబెట్టుకునేది. బట్టల మీద గీతలు గీసుకునే సుద్దతో నల్లటి గచ్చు మీద ఓడ గీసేది, అందులో జంతువుల్ని ఒక్కొక్కదాన్నీ ఎక్కించేది. బైబిలు కథతో మొదలై అది ఎక్కాల్లోకి వెళ్ళేది, అక్షరాల్లోకి వెళ్ళేది. పొలం పనులకి వెళ్ళే ఇళ్ళ పిల్లలు, బడి మొహం చూడనివాళ్ళు, ఆ గచ్చు మీదే తమ పేర్లు రాసుకోవడం నేర్చుకున్నారు. ఆ గంటసేపు ఆమె గొంతు వింటుంటే వారమంతా సూదులు పట్టుకుని ఉన్న నోరు ఇదేనా అనిపించేది. పాస్టరు గారు చూసి ఒకసారి అమ్మతో అన్నారు: "ఈ అమ్మాయిని టీచరు ట్రైనింగుకి పంపించండమ్మా. కుట్టుపనికి ఎవరైనా దొరుకుతారు." విజయవాడలో క్రైస్తవ మిషనరీల ట్రైనింగు స్కూలు ఒకటి ఉంది, ఇంటర్మీడియట్ పాసైతే తీసుకుంటారు, ఫీజు, హాస్టలు ఖర్చు మొదట్లోనే కట్టాలి అని ఆయనే కనుక్కుని చెప్పారు. అక్క మిషను దగ్గరే పుస్తకాలు పెట్టుకుని ఇంటరు ప్రైవేటుగా కట్టి పాసైంది. ఆ తర్వాత బ్యాంకుకి వెళ్ళి నెలకి యాభై రూపాయల చొప్పున ఇరవై నాలుగు నెలలకి ఆర్.డి. ఖాతా తెరిచింది. అప్పుడు జాకెట్టు కుడితే రెండు రూపాయలు. నెలలో ఇరవై అయిదు జాకెట్ల కూలి ఆ పుస్తకంలోకి వెళ్ళిపోయేది.

ప్రతినెలా ఒకటో తారీకున అక్క తలంటుకుని, తన కోసం కుట్టుకున్న ఒకే ఒక్క మంచి జాకెట్టు వేసుకుని బ్యాంకుకి బయల్దేరేది. సెలవైతే నన్నూ తీసుకెళ్ళేది. అక్కడ కళ్ళజోడు గుమాస్తా ఒకాయన పుస్తకంలో యాభై వేసి, సంతకం పెట్టి, సిరా మీద అద్దుడు కాగితం ఒత్తి, "ఇంకెన్నమ్మా?" అని అడిగేవారు. అక్క వెంటనే చెప్పేది: "పదహారండి." తర్వాతి నెల "పదిహేనండి." తిరిగొచ్చేటప్పుడు బస్టాండు దగ్గర చెరుకురసం ఒక గ్లాసు కొని ఇద్దరం తాగేవాళ్ళం. గ్లాసు మొదట నాకే ఇచ్చేది. ఆ పుస్తకం వచ్చాక ఇంట్లో ఒక మార్పు కూడా వచ్చింది. ఎవరైనా చెయ్యి చాస్తే అక్క సొరుగు లాగడం మానేసింది. "బ్యాంకులో వేసేశానండి, గడువయ్యేదాకా రాదు" అనేది. అలా అంటున్నప్పుడు ఆమె మొహంలో ఒక తేలిక కనిపించేది. దానికి అర్థం నాకు అప్పట్లో తెలియలేదు.

ఇరవై రెండో నెల కట్టింది మార్చిలో. ట్రైనింగు స్కూలు నించి ఉత్తరం కూడా వచ్చేసింది. జూన్ నెలాఖరుకి డబ్బు కట్టి చేరమని. ఆ ఉత్తరం అమ్మ చదవలేకపోయినా రెండు మూడుసార్లు చేతిలోకి తీసుకుని చూసింది. సరిగ్గా ఆ రోజుల్లోనే ఒక ఆదివారం మా బాబాయి రెడ్డిగూడెం నించి వచ్చాడు. నాన్నకి తమ్ముడు, యోహాను బాబాయి. నాన్న పోయినప్పుడు పెట్టె దగ్గర నించి సమాధి దాకా అన్నీ చూసుకున్నది ఆయనే, మాకంటూ ఉన్న ఒక్క మగదిక్కు. మామిడితోటలు గుత్తకి తీసుకుని కాయ అమ్మేవాడు. చర్చి నించి వచ్చి, అమ్మ వండిన కోడికూరతో భోంచేసి, వసారాలో చేతులు తుడుచుకుంటూ విషయం చెప్పాడు. పిందె ఆ ఏడు విరగపట్టిందట. తోట గుత్తకి సగం కట్టాడు, మిగతా సగం వారంలో కట్టకపోతే వేరేవాళ్ళకి ఇచ్చేస్తారు.

"వదినా, ఓ వెయ్యి తక్కువబడతంది. నూటికి రెండు రూపాయల వడ్డీ ఇస్తా. జూన్ మొదటి వారానికి అణాపైసలతో నీ చేతిలో పెడతా" అన్నాడు.

అమ్మ అక్క వైపు చూసింది. "ఎస్తేరు డబ్బులున్నయ్ గదా" అంది.

"అది రాదమ్మా. బ్యాంకులో ఉంది, మే నెల దాకా రాదు" అంది అక్క. రోజూ అందరితో అనే మాటే. కానీ ఆ పూట గొంతు సన్నగా వచ్చింది.

"తీస్తే ఇస్తారులేమ్మా, కాస్త వడ్డీ తగ్గించుకుని. అయినా బ్యాంకోళ్ళిచ్చే వడ్డీ ఎంతని? నూటికి పదా, ఏడాదికి?" అన్నాడు బాబాయి.

అప్పుడు నేను నోరు తెరిచాను. టెన్త్ చదువుతున్నాను. లెక్కల్లో బడి మొత్తానికి నాకే ఎక్కువ మార్కులు. శ్రేఢులు అప్పుడే నేర్పారు. "పది కూడా రాదు బాబాయ్" అన్నాను. అందరూ నా వైపు తిరిగారు. అక్క సుద్ద తీసుకుని, అక్క ఓడలు గీసే గచ్చు మీద లెక్క వేశాను. "ఏడాదికి ఆరు వందలు కడతాం. నూటికి పది అంటే అరవై వస్తుందనుకుంటాం. కానీ మొదటి నెల కట్టిన యాభై ఒక్కటే పన్నెండు నెలలు ఉంటుంది. రెండో నెల కట్టింది పదకొండు నెలలు. చివర కట్టింది ఒక్క నెల. ఉన్నన్నాళ్ళకే గదా వడ్డీ. అన్నీ కూడితే ఏడాదికి వచ్చేది ముప్పై రెండున్నర. బాబాయి చెప్పిన వడ్డీకైతే అక్క దగ్గరున్న పదకొండు వందలకి నెలకి ఇరవై రెండు. మూడు నెలల్లో అరవై ఆరు." సమాధానం కింద రెండు గీతలు కూడా గీశాను.

"ఓరి నాయనో, ఇది కలెక్టరవుద్ది వదినా!" అన్నాడు బాబాయి. అమ్మ మొహం వెలిగిపోయింది. నాన్న పోయాక అమ్మ అలా నవ్వడం నేను చూడలేదు. ఆ నవ్వు నా వల్ల వచ్చిందని పొంగిపోయాను. అక్క గచ్చు మీద అంకెల వైపు చాలాసేపు చూసింది. తర్వాత చీపురు తెచ్చి వాటిని తుడిచేసింది, పిల్లలు వచ్చే వేళయిందని.

సాయంత్రం పెరట్లో గిన్నెలు తోముతూ అక్క నాతో అంది: "విమలా, నేను వడ్డీ కోసం వేశాననుకున్నావా?"

"మరి?"

"ఎవరన్నా అడిగితే లేదనడానికి నాకు నోరు రాదే. ఆ పుస్తకం ఉంటే నేను చెప్పక్కర్లేదు, అదే చెప్పుద్ది. అందుకు వేశాను."

"ఇప్పుడు మాత్రం ఏమైందక్కా, ఎక్కువే వస్తుందిగా" అన్నాను నేను. నా లెక్క మీద నాకు అంత ధీమా. అక్క చేతికి బూడిద అంటి ఉంటే మోచేత్తో నా జుట్టు వెనక్కి తోసింది.

మర్నాడు కాదు, ఆ మర్నాడు బ్యాంకుకి వెళ్ళాం. ఖాతా మూసేస్తామని కాగితం ఇస్తే గుమాస్తా గారు కళ్ళజోడు తీసి అక్కని చూశారు. "ఇంకా రెండే కదమ్మా! వచ్చే నెల, ఆ పై నెలా. అంత అవసరం ఏమొచ్చింది?" అన్నారు. అక్క నేల చూపులు చూస్తోంది. నేనే ముందుకొచ్చి, బయట ఇంతకంటే ఎక్కువ వడ్డీ వస్తుందని, ఆర్.డి.లో నిజానికి వచ్చేది ఎంతో, ఎందుకో మొత్తం వివరించాను. ఆయన ఓపిగ్గా విన్నారు. "లెక్క రైటేనమ్మా" అన్నారు చివరికి. "నీ లెక్కలో తప్పేం లేదు." అక్క మొహం చూసి లెడ్జరు తీశారు. ఆ రోజు బస్టాండు దగ్గర చెరుకురసం బండి ముందు నేను ఆగాను. అక్క ఆగలేదు.

ఏప్రిల్ చివర ఒక మధ్యాహ్నం పడమటి నించి గాలి లేచింది. మా ఊళ్ళో రేకులు ఎగిరిపోయాయి, హాస్టలు వంటపాక కూలింది. గాలి వెనకే వడగళ్ళు. అమ్మ గుమ్మంలో నిలబడి, "దేవా, దేవా" అంటోంది. మా ఇంటి గురించి అంటోందనుకున్నాను. అక్కకి మాత్రం అర్థమైంది. మిషను మీద బట్ట కప్పి, దాని పక్కన నేల మీద కూర్చుని, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంది. ఖాళీ చేతులతో అక్క కూర్చోవడం నేను అదే మొదటిసారి చూడటం.

మూడో రోజు బాబాయి వచ్చాడు. బండిలో రెండు బస్తాల రాలుకాయ వేసుకొచ్చాడు. బస్తాలు వసారాలో దించి, తను మాత్రం లోపలికి రాలేదు. మెట్టు మీద కూర్చుని తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. అంత పెద్ద మనిషి, నాన్న పెట్టె మోసినప్పుడు కూడా మా ముందు ఏడవని మనిషి, భుజాలు అదురుతుంటే ఆపుకోలేకపోయాడు. "చెట్టుకి పది కాయలు లేవమ్మా, ఎస్తేరూ" అన్నాడు. అమ్మ గోడకి ఆనుకుని నిలబడిపోయింది. నేను తలుపు వెనక్కి వెళ్ళాను. అక్క లేచి చెంబుతో మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. "తాగు బాబాయ్. గాలి రావడం నీ చేతుల్లో ఉందా?" అంది.

ఆ వారమంతా ఆ కాయ తరిగాం. కొంత పచ్చడి పెట్టాం, మిగతాది ముక్కలు కోసి ఎండలో ఆరబెట్టాం. ఇల్లంతా సొన వాసన, దెబ్బ తిన్న కాయ పులిసిన వాసన, ఈగలు. సొన తగిలి అక్క వేళ్ళు పొక్కాయి. ఆ వేళ్ళతోనే ట్రైనింగు స్కూలుకి ఉత్తరం రాసింది, ఈ ఏడు రాలేకపోతున్నానని, సీటు పై ఏడుకి ఉంచగలరేమోనని. వాళ్ళు ఉంచలేమని, పాతికేళ్ళు దాటనంత వరకూ మళ్ళీ దరఖాస్తు చేసుకోవచ్చని రాశారు. బాబాయి చెడ్డవాడు కాదు. తర్వాత తోటలు వదిలేసి కాపలా పనికి కుదిరాడు. ఒకసారి వంద, ఒకసారి అరబస్తా బియ్యం, ఇలా తెస్తూనే ఉన్నాడు పోయేదాకా. కానీ ఆ ముక్కలన్నీ ఒక్కసారిగా ట్రైనింగు స్కూలు ఫీజు కాలేవు కదా.

అక్క నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. రెండో నెలలోనే వెళ్ళి మళ్ళీ ఖాతా తెరిచింది. అదే యాభై, అవే ఇరవై నాలుగు నెలలు. ఈసారి నన్ను వెంట తీసుకెళ్ళలేదు. రెండేళ్ళూ ఒక్క నెల తప్పకుండా కట్టింది. గడువయ్యేసరికి ఆమెకి ఇరవై నాలుగేళ్ళు, ఇంకా టైముంది. ఆ వేసవిలోనే నా ఇంటరు అయిపోయింది. విజయవాడలో డిగ్రీ కాలేజీలో సీటొచ్చింది, హాస్టలుకి కట్టాలి.

దీన్ని నేను ఎవరికీ చెప్పలేదు. నా భర్తకీ చెప్పలేదు, పిల్లలకీ చెప్పలేదు. అమ్మ అడగలేదు. బాబాయి అడగలేదు. నేనే అడిగాను. అక్క మిషను తొక్కుతుంటే పక్కన నిలబడి, "అక్కా, నీ ఆర్.డి. ఈ నెలతో అయిపోతుంది కదా" అన్నాను. అంతే అన్నాను. అక్క చక్రం మీద చెయ్యి వేసి మిషను ఆపింది. నోట్లోంచి సూదులు ఒక్కొక్కటే తీసి డబ్బాలో వేసింది. అది బ్యాంకులో ఉంది, రాదు అని చెప్పడానికి ఇప్పుడు ఆమెకి గడువు కూడా లేదు. గడువు అయిపోయింది.

"ఎంత కట్టాలంట?" అని అడిగింది.

చెప్పాను.

"పోయినసారి లెక్క వేశావు కదా. ఈసారి వెయ్యవా?" అని నవ్వింది. ఎగతాళి లేదు అందులో. అప్పుడు నేను కూడా నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇవాళ్టికీ నాకు అన్నం దిగదు.

మూడోసారి అక్క ఖాతా తెరవలేదు. ఆ సంగతి బ్యాంకు అమ్మాయి చెబితే గానీ నాకు నిశ్చయంగా తెలియలేదు.

నేను టీచర్నయ్యాను. నలభై ఏళ్ళు లెక్కలు చెప్పాను. స్టాఫ్ రూములో కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు ఇప్పుడూ అడుగుతుంటారు, ఫోన్లు చేసి మరీ: "మేడమ్, ఆర్.డి. వేస్తే లాభమేనా? ఫండ్సులో ఎక్కువొస్తుందంటున్నారు." ఇప్పుడు ఒకటో తారీకున తలంటుకుని వెళ్ళక్కర్లేదు, ఫోనే కోసుకుంటుంది, ఫోనులోనే రెండు నొక్కులు నొక్కితే ఖాతా మూసేయొచ్చు కూడా. నేను వాళ్ళకి లెక్క వేసే చూపిస్తాను, ఆ రోజు గచ్చు మీద వేసినట్టే, ఎందుకంటే అది తప్పు కాదు. వడ్డీ ఒక్కటే చూసుకుంటే అది పెద్ద గొప్పదేమీ కాదు. ఆ తర్వాత అడుగుతాను: "మీ ఇంట్లో నిన్ను డబ్బులడిగేవాళ్ళు ఎంతమంది? వాళ్ళకి లేదని చెప్పడం నీకు వచ్చా?" ఎక్కువమంది నవ్వేస్తారు. ఆడపిల్లల్లో కొందరు నవ్వరు. వాళ్ళతో వెయ్యమనే చెబుతాను. వేసిన సంగతి ఇంట్లో తెలివైనవాళ్ళకి చెప్పొద్దంటాను.

నాకు మొదటి ఉద్యోగం ఎ.కొండూరు దగ్గర ఒక ఊళ్ళో. చేరిన రోజు సాయంత్రం బస్సు దిగి ఇంటికొస్తే అక్క మిషను ఆపేసి, స్టూలు లాగి నన్ను ఎదురుగా కూర్చోబెట్టింది. "మొదటి నించీ చెప్పు. గదిలోకి వెళ్ళగానే ఏం చేశావ్? పిల్లలు లేచారా? బోర్డు మీద ముందు ఏం రాశావ్?" అన్నీ చెప్పించుకుంది. ఎన్ని కిటికీలున్నాయో కూడా అడిగింది. అప్పటికి ఆమెకి ఇరవై తొమ్మిది. "ఇప్పుడు నువ్వు చదువుకో అక్కా, నేను కడతాను" అని నేను అన్నది ఆ రోజు కాదు. ఆ ఏడాది కూడా కాదు. నా పెళ్ళి అయ్యి, నాకు తీరిక కుదిరి, మూడో ఏట అన్నాను. "ఇప్పుడెక్కడే, వయసు దాటిపోయిందిగా" అంది, గుడ్డ మీద గీత చెదరకుండా.

ఆమె పెళ్ళి చేసుకోలేదు. అమ్మ పోయాక కూడా ఆ వసారాలోనే, ఆ మిషను దగ్గరే ఉండిపోయింది. నాకు తిరువూరు బదిలీ అయ్యాక రెండు వీధుల అవతలే ఉండేవాళ్ళం. బడి నించి వస్తూ ఆగితే అక్క మొదట అడిగేది అదే: "ఇవాళ ఏం చెప్పావ్?" కొన్నాళ్ళు సంతోషంగా చెప్పాను. తర్వాత్తర్వాత విసుగొచ్చింది. పరీక్ష పేపర్లు దిద్దే రోజుల్లో ఒక సాయంత్రం, "ఏముందక్కా, రోజూ ఉండేవే, లెక్కలు" అన్నాను. "ఏ లెక్కలు?" అంది. నేను ఫోను చూసుకుంటూ ఊరుకున్నాను. కాసేపు చూసి, లేచి వెళ్ళి నాకు టీ పెట్టింది. అలాంటి సాయంత్రాలు ఎన్నో నేను లెక్కపెట్టలేదు.

విజయవాడ ఆసుపత్రిలో చివరి వారం. మధ్యాహ్నం వార్డులో అందరూ కునుకు తీస్తున్నారు. డబ్భయ్యేళ్ళ అక్క చెయ్యి నా చేతిలో పిట్టంత ఉంది. "విమలా, నీ మొదటి రోజు చెప్పవే" అంది. నాకు వెంటనే గుర్తు రాలేదు. ఏ మొదటి రోజక్కా అంటే, "బడి" అంది. చెప్పడం మొదలుపెట్టాను. గదిలోకి వెళ్ళాను, పిల్లలు లేచారు, పేర్లు పిలిచాను, కూడికలు చెప్పాను అన్నాను.

"కూడికలు కాదు. భిన్నాలు" అంది అక్క, కళ్ళు మూసుకునే. "జామకాయ కోసి చూపించావు. సుద్ద రెండుసార్లు విరిగింది. మూడు కిటికీలు, ఒకదానికి తలుపు లేదు. వెనక వరసలో ఒక పిల్ల అర్థం కాక ఏడ్చింది. నువ్వు వెళ్ళి పక్కన కూర్చుని, దాని పలక తీసుకుని నెమ్మదిగా మళ్ళీ చెప్పావు. దానికి వచ్చేదాకా లేవలేదు."

అలాంటి పిల్ల ఎవరూ నాకు గుర్తులేదు. ఆ రోజు నేను అక్కకి చెప్పానో, ఇన్నేళ్ళలో మిషను తొక్కుతూ ఆ గదిలోకి అక్క తనే వెళ్ళి, తనే ఆ పిల్ల పక్కన కూర్చుందో నాకు తెలియదు. అంత ఓపిక ఆ వయసులో నాకు లేదు. అది మాత్రం తెలుసు.

"వచ్చిందా ఆ పిల్లకి?" అని అడిగాను.

"వచ్చింది" అంది అక్క.